నాటు నేర్చిన మోకాలు

గంగామణి రెండుసార్లు అబద్ధం చెప్పిందని రాశారు మీరు. మోకాళ్ల సంస్థ పెద్దలారా, ఏడుగురు కూర్చుని, ఏడు సంతకాలు పెట్టి, నివేదిక పదకొండో పేజీలో రాశారు. పదిహేడో నంబరు రోగి ముందు సమాచారం తప్పుగా ఇచ్చిందట, తర్వాత లక్షణాలు దాచిందట. మనిషికి పేరు కూడా పెట్టలేదు. నంబరు పెట్టి, నంబరు మీద నింద పెట్టి, ఫైలు మూసేశారు.

ఆ మొదటి అబద్ధం రాసిన చెయ్యి నాది. రెండో అబద్ధం ఆమె చేత ఆడించింది మా మునుం. మునుం అంటే ఏమిటో మీకు తెలియదు. తెలిసి ఉంటే ఆ పదకొండో పేజీయే ఉండేది కాదు.

నా పేరు స్వరూప. నిజాంసాగర్ కాలువ కింది ఊళ్లలో కూలి సంఘం పని చూస్తాను. గంగామణి మా అన్న పోశెట్టి భార్య, నాకు వదిన. మిమ్మల్ని తిట్టడానికే అయితే ఒక్క పేజీ చాలు నాకు. కానీ ఆ మోకాలి లోపల జరిగినదాన్ని తెర మీద నా కళ్లతో చూశాను. చూసిన రోజు అన్నం తినబుద్ధి కాలేదు. అంత గొప్ప సంగతిని మీరు పదకొండో పేజీ కింద తొక్కిపెట్టారు. అందుకే మొత్తం చెప్తున్నాను.

మా కాలువ కింది పొలాలు ఊటకు ఎప్పుడూ జవుకుగా ఉంటాయి. నాటు యంత్రం దింపితే ఇరుసు దాకా దిగబడుతుంది. అందుకని ఇప్పటికీ అక్కడ ఆడవాళ్లే నాటు వెయ్యాలి. పదిహేను, ఇరవై మంది పక్కపక్కన నిలబడి వంగే వరసను మునుం అంటాం. వరస కొసన నిలబడే ఆమె ఎంత జోరు పెడితే వరసంతా అంత జోరు. ఆ కొస గంగామణిది. ఇరవై ఆరేళ్లు ఆమెదే. పెళ్లిలో పెద్ద ముత్తైదువకు ఎంత మర్యాదో, నాట్ల కాలంలో మునుం కొసకు అంత మర్యాద.

యాభై నాలుగో ఏట ఆమె కుడి మోకాలు పోయింది. ఎముకల మధ్య ఉండే మెత్త అరిగి, ఎముక మీద ఎముక రాసుకునేది. లేచేటప్పుడు గోడ పట్టుకునేది. నడిస్తే లోపల ఇసుక నలిగినట్టు చప్పుడు, పక్కన నడిచేవాళ్లకు కూడా వినపడేది. నాట్లలో మాత్రం కొస వదల్లేదు. సాయంత్రం ఇంటికి వచ్చి ఉప్పు కాపడం పెట్టుకుంటూ, ఈ ఒక్క కాలు పక్కింటామెకు ఇచ్చి వేరేది తెచ్చుకుంటే బాగుండు అనేది.

అప్పుడే మీ క్యాంపు వచ్చింది. హైదరాబాదులో కొత్త రకం మోకాలు పెడుతున్నాం, ముందుకొచ్చేవాళ్లు కావాలి అన్నారు. నేనే ఆమెను తీసుకుపోయాను.

డాక్టర్ అనురూపను అక్కడే మొదటిసారి చూశాను. ఈ మోకాలు ఆమె బుర్రలో పుట్టింది. మామూలు మార్పిడిలో ఎముకల చివర్లు చెక్కి, లోహపు తొడుగులు వేసి, మధ్యన ప్లాస్టిక్ బిళ్ల పెడతారు. అది పదిహేను, ఇరవై ఏళ్లకు అరుగుతుంది. అనురూప ఆ బిళ్ల బదులు, రోగి కణాల నుంచే పెంచిన మెత్త పెడుతుంది. అది ప్రాణమున్న మెత్త. పెట్టినప్పుడు పాలలా ఉంటుంది, నలభై రోజుల్లో పెరుగులా తోడుకుంటుంది. ఆ నలభై రోజుల్లో కాలు ఏ పని చేస్తే, ఆ పనికి తగ్గట్టు లోపలి నారపోగులు సర్దుకుంటాయి. నలభై ఒకటో రోజుకు గట్టిపడతాయి. ఇక ముప్పై ఏళ్లు చెక్కు చెదరదు. నేర్చుకునే మోకాలు అన్నారు దాన్ని.

ఆమె దాచకుండా చెప్పింది కూడా. కోసినచోట చీము పట్టవచ్చు, పిక్కలో నెత్తురు గడ్డ కట్టవచ్చు, ఆ గడ్డ ఊపిరితిత్తిలోకి పోతే ప్రాణం మీదికి రావచ్చు, వ్యాయామం మానితే మోకాలు బిగుసుకుపోతుంది అని ఒక్కొక్కటే వేలు మడిచి చెప్పింది. గంగామణి అన్నీ విని అడిగింది ఒకటే, నాట్ల నాటికి అయిపోతుందా అని. అది ఏప్రిల్. జులైలో కాలువ వదులుతారు. అయిపోతుందని అనురూప చెప్పింది.

తర్వాత ఫారం నింపాలన్నారు. వ్యాయామం చేయించే ఇర్ఫాన్ సారు, నలభై దాటిన నెమ్మది మనిషి, ఒక్కొక్క ప్రశ్న చదివాడు. మెట్లు ఎక్కుతారా, కింద బాసింపట్టు వేసుకుని కూర్చుంటారా, గొంతుక్కూర్చుంటారా, నెత్తిన బరువు మోస్తారా. మన దేశపు మోకాలికి మన ప్రశ్నలు అని గర్వంగా చెప్పుకున్నాడు. గర్వపడాల్సిందే, అంతకుముందు ఆ మాత్రం అడిగినవాడు లేడు. ఆఖరున, వెనక్కి నడుస్తారా అని అడిగాడు.

“వెన్కకు నడ్వనీకి నేనేమన్న దయ్యాన్నా సారూ?” అంది మా వదిన.

గదిలో అందరం నవ్వాం. దయ్యాల పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని ఇర్ఫాన్ సారుకూ తెలుసు, ఆయనా నవ్వాడు. నేను 'లేదు' అన్న గడిలో టిక్కు పెట్టాను.

ఇదే మీ మొదటి అబద్ధం. ఇది అబద్ధమని అప్పుడు ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. పద్నాలుగో ఏట నుంచి ఏటా రెండు కార్లు, వానాకాలమూ యాసంగీ, ఆమె వెనక్కే నడిచింది. నాటు వేసేవాళ్లు వేసిన నారును తొక్కకుండా వెనక్కి వెనక్కి పోతారు. కానీ దాన్ని నడక అని మేమెవరం ఎప్పుడూ అనుకోలేదు. నడక అంటే ఒక చోటు నుంచి ఒక చోటికి పోవడం. నాట్లప్పుడు మేం ఎక్కడికీ పోం. మా ముందు పొలం పచ్చబడుతూ ఉంటుంది, అంతే.

ఆపరేషన్ అయిన మర్నాడే నిలబెట్టారు. వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేసి, ఇర్ఫాన్ సారు ఏడు తరాలను తలుచుకుంది. పిక్కల్లో గడ్డ కట్టకుండా బిగుతు మేజోళ్లు తొడిగారు, కడుపు మీద సూదులు పొడిచారు, పడుకున్నా మడమలు ఆడిస్తూ ఉండమన్నారు. మోకాలు వంచడం మాత్రం నరకం. కట్టుకట్టిన కాలిని మంచం అంచున వేలాడదీసి, మంచికాలితో దాన్ని వెనక్కి నెట్టాలి. మొదటి వారం అరవై డిగ్రీలు, రెండో వారం తొంభై. ఇర్ఫాన్ సారు కొలబద్ద పెట్టి కొలిచేవాడు. కళ్లనీళ్లు కారుతున్నా ఆమె పళ్లు బిగించి, ఇంకో రెండు వెయ్యి సారూ, నీ కొలబద్ద సంతోషపడుతుంది అనేది.

రోజూ సాయంత్రం ఆ మోకాలిని యంత్రం కింద పెట్టేవాళ్లు. తెర మీద దాని లోపలి మెత్త కనపడేది. మొదట్లో పొగమంచులా ఉంది. పదో రోజుకు సన్నటి గీతలు లేచాయి. మెట్లు ఎక్కిన రోజు ఒక వైపు, కింద కూర్చున్న రోజు ఒక వైపు. ఇరవయ్యో రోజుకు నూనె రాసి దువ్విన జడలా నున్నగా, అన్నీ ఒకే వైపుకు. మనిషి ఒంట్లో, ఆమె చేసిన పనే గీతలై మొలవడం చూస్తుంటే నాకు ఒళ్లు జలదరించింది. గంగామణి కొంచెంసేపు తెర వంక చూసి, నాకంటే నా మోకాలే ఎక్కువ చదువుకుంటున్నదని అంది. ఆమెకు సంతకం రాదు.

నలభై ఒకటో రోజున మెత్త గట్టిపడింది. ఊరికి వచ్చి, గోడ పట్టుకోకుండా, కర్ర లేకుండా కాలువ గట్టు మీద అరకోసు నడిచింది. ఇసుక చప్పుడు లేదు. వెనక ఆడవాళ్లంతా ఊరేగింపులా నడిచారు. మా అన్న పోశెట్టి మాటలు తక్కువ మనిషి, ఆ రోజు మాత్రం ఎదురొచ్చినవాళ్లందరినీ ఆపి చూడు చూడు అని చూపించాడు.

జులైలో నీళ్లు వదిలారు. దమ్ము చేసిన మడిలోకి మునుం దిగింది. గంగామణి చీర ఎగదోపి, కొసకు పోయి నిలబడింది, వంగింది, ఎడమ చేతిలో నారు కట్ట, కుడి చేత్తో మూడు కుదుళ్లు చకచకా పెట్టింది. వెనక్కి అడుగు తీసింది. కుడికాలు బురదలోంచి వచ్చింది, వెనక ఆనింది. బరువు మోపగానే మోకాలు పక్కకు జారింది. నొప్పి లేదు. అది ఆ పనే తెలియని మోకాలు, అంతే. ఆమె బురదలో కూలబడింది.

ఇరవై ఏళ్లుగా ఆమె పక్కనే నాటు వేసే సాయవ్వ చెయ్యిచ్చి లేపింది. కొత్త పెండ్లికూతురు తీరుగ సిగ్గు పడుతున్నది అక్కా నీ మోకాలు అంది. అందరూ నవ్వారు, గంగామణి కూడా. రెండోసారి పడినప్పుడు కొందరే నవ్వారు. మూడోసారి ఎవరూ నవ్వలేదు. సాయవ్వ జరిగి కొసన నిలబడింది. గంగామణి గట్టెక్కి కూర్చుని నారు కట్టలు విప్పి అందించడం మొదలుపెట్టింది. అది ముసలివాళ్లు చేసే పని. ఆ రోజు ఆమె ముఖం చూడలేక నేను పక్క మడికి పోయాను.

ఆ వారమంతా ఇంటి వాకిట్లో చుట్టూ వెనక్కి నడిచింది. రెండో అడుగుకు జారడం, గుంజ పట్టుకోవడం, మళ్లీ నడవడం. మొండిది. మోకాలు కుండలా వాచింది, జ్వరం వచ్చింది. మీ దగ్గరకే తీసుకొచ్చాం. చీము పట్టిందేమోనని భయపడి సూదితో నీరు తీసి చూశారు. చీము లేదు. గట్టిపడ్డ మెత్త అంచు ఒకచోట చీలింది. అంతా ఒకే వైపుకు దువ్వి ఉంది కదా, ఎదురు దువ్వితే ఏమవుతుంది.

అప్పుడు మీరు ఫారం తీశారు. ఇదిగో, వెనక్కి నడవనని రాసి ఉంది, తప్పు మీదే అన్నారు. నేల మీద బాగానే నడుస్తున్నది కదా, ఈ వయసులో పొలం పని మానెయ్యమనండి అని మీ పెద్ద డాక్టరు నాతో చెప్పాడు. ఆ గదిలో అనురూప కూడా ఉంది. తల వంచుకుని కూర్చుంది.

మూడో రోజు పొద్దున ఆమె ఒక్కతే బస్సు దిగింది మా ఊళ్లో. నాటు చూడాలి అంది. పొలానికి తీసుకుపోయాను. పద్దెనిమిది మంది వంగి, ఒకే ఊపులో, కాళ్ల వెనక ఏముందో చూడకుండా వెనక్కి పోతున్నారు. ముందు నీళ్లలో ఆకుపచ్చ గీతలు పడుతూ వస్తున్నాయి. ఆమె గట్టు మీద నిలబడి గంటసేపు కదల్లేదు. ఫోనులో బొమ్మ తీసుకోవడం కూడా మరిచిపోయింది.

తర్వాత నాకు వివరించింది. ముందుకు నడిస్తే మడమ ముందు ఆనుతుంది, మోకాలు చాచి ఉంటుంది. ఇక్కడ వేళ్లు ముందు ఆనుతున్నాయి, మోకాలు వంగి ఉండగానే ఒంటి బరువంతా దాని మీద పడుతున్నది. పైగా బురద కాలిని పీల్చి పట్టుకుంటే, ఆ పట్టు వదిలించడానికి ప్రతి అడుగుకూ మోకాలిని ఇంతంత మెలితిప్పుతున్నారు. వంగడం, బరువు, మెలి మూడూ ఒకేసారి. తన యంత్రం లెక్క ప్రకారం మనిషి మోకాలు దీన్ని వెయ్యిసార్లకు మించి తట్టుకోకూడదట. ఎన్నిసార్లు చేస్తారు రోజుకు అని అడిగింది. ఎవరు లెక్కపెట్టారు అన్నాను.

“ఇరవై ఏళ్లు మోకాలు చదివాను స్వరూప గారూ. నేను చదివింది కుర్చీల మోకాలు,” అంది.

చెప్పులు విప్పి మడిలోకి దిగింది. రెండో అడుగుకే వెల్లకిలా పడింది. సాయవ్వ లేపుతూ, డాక్టరమ్మా నీది సొంత మోకాలేనా, పెట్టించిందా అని అడిగింది. పొలమంతా నవ్వింది. అనురూప ముఖం మీద బురదతోనే నవ్వి, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

మా ఇంటి అరుగు మీద కూర్చుని ఆమె అసలు మాట చెప్పింది. గట్టిపడ్డ మెత్తను ఒకే ఒక్కసారి మళ్లీ మెత్తబరచవచ్చు. దానికి మందు ఉంది, సూదితో ఎక్కించాలి. గట్టిపడ్డాక ఏడాది లోపే పనిచేస్తుంది, దాటితే ఇక రాయే. మెత్తబడ్డ ఇరవై రోజులూ ఆ మోకాలు పసిగుడ్డు. క్రిమి చేరిందా, మొత్తం పీకెయ్యాలి, కాలు కర్రలా బిగుసుకుపోవచ్చు. నెత్తురు పలచబరిచే మందు కొన్నాళ్లు తగ్గించాలి, గడ్డ భయం మొదటిసారి కంటే రెట్టింపు.

గంగామణి అడిగింది. “చేయించుకోకుంటే?”

“ఏమీ కాదమ్మా. నేల మీద ముప్పై ఏళ్లు హాయిగా నడుస్తారు.”

“నడ్వనీకి కాదు డాక్టరమ్మా, నేను కాలు కోయించుకున్నది.”

మా అన్న వద్దన్నాడు. ఉన్న కాలితో సంతోషపడమన్నాడు. వదిన పక్షాన గట్టిగా మాట్లాడి ఆయనను ఒప్పించింది నేను. ఇది కూడా రాసుకోండి మీ పుస్తకంలో.

సెప్టెంబరులో, మీ ల్యాబు వెనక కార్ల షెడ్డులో టార్పాలిన్ పరిచి నలభై అడుగుల మడి కట్టించింది అనురూప. మీ అనుమతి కోరిన కాగితంలో చీలిన అంచు బాగుచేసే చికిత్స అని మాత్రమే రాసింది. అదే ఆమె మీద మీ నేరారోపణ ఇప్పుడు. మట్టి మా పొలం నుంచే, రెండు ట్రాక్టర్లు. పొలం మట్టిలో లోకంలోని క్రిములన్నీ ఉంటాయి కదా. పనిముట్లు శుద్ధి చేసే యంత్రంలో అది పట్టదు. హాస్టలు వంటశాల ఆవిరి గుండిగల్లో వాయి తర్వాత వాయి, ఇడ్లీలు వండినట్టు, నాలుగు రోజులు మట్టిని ఉడికించాడు ఇర్ఫాన్ సారు. చల్లారాక కాచిన నీళ్లు కలిపి దమ్ము చేశాం. గంగామణి పిడికెడు తీసి వాసన చూసి, మన్ను చచ్చిపోయింది, మెత్తదనం మాత్రం పోలేదు అంది.

మోకాలికి నీళ్లు చొరని తొడుగు వేసి, నడుముకు పట్టీలు కట్టి పైనుంచి వేలాడదీసి దింపారు. మొదటి రోజు ఒక్కతే దిగింది. రెండో రోజూ ఒక్కతే. సాయంత్రం తెర మీద చూస్తే గీతలు చిక్కుపడ్డ దారపు ఉండలా ఉన్నాయి. ఒక అడుగుకు ఒక తీరు, ఇంకో అడుగుకు ఇంకో తీరు. అనురూప ముఖం పాలిపోయింది. ఇలాగే గట్టిపడితే నేల మీద నడక కూడా పోతుంది.

గంగామణి మాత్రం తెర వైపు చూడలేదు. ఒక్కదాన్నే నాటు వేస్తే ఎట్ల వస్తదని, సాయవ్వను పిలిపించమని నాతో అంది. ఒక్కతే నాటు వేసిన మనిషిని నేనూ ఎన్నడూ చూడలేదు. ఇంత చిన్న సంగతి ఆమె చెప్పేదాకా నాకు తట్టలేదు.

మర్నాడు సాయవ్వ, ఇంకో నలుగురు వచ్చారు. మీ నర్సులు వాళ్ల కాళ్లను మందు నీళ్లతో మోచిప్పల దాకా తోమించారు. మా పెళ్లిళ్లలో కూడా ఇంతగా కడగలేదని సాయవ్వ సణిగింది. దిగారు. ఎవరూ చెప్పకుండానే గంగామణికి కొస వదిలిపెట్టి నిలబడ్డారు. సాయవ్వ పాట ఎత్తుకుంది. ఆరుగురూ వంగారు. ఆరు కుడికాళ్లు ఒకేసారి బురదలోంచి లేచిన చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది.

ఆ సాయంత్రం అందరం తెర ముందు చేరాం. చిక్కుపడ్డ ఉండ విడిపోతున్నది. దువ్విన జడలాంటి పాత గీతలు చెరగకుండానే, వాటి మీదుగా అడ్డంగా కొత్త గీతలు లేస్తున్నాయి. ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి. నాలుగో రోజుకు స్పష్టంగా తెలిసింది. అల్లిక. ఈతచాప అల్లినట్టు, ప్రాణమున్న నారపోగులు ఒకదాని కింద ఒకటి దూరి అల్లుకుంటున్నాయి. ముందుకు లాగినా, వెనక్కి లాగినా, మెలితిప్పినా ఒక పోగు ఇంకో పోగును పట్టుకుంటుంది. ఆ తెర మీద చెయ్యి ఆనించి అనురూప, “ఇది నేను చెయ్యలేదు,” అంది.

“మరి ఎవలు జేసిన్రు?” అంది గంగామణి.

“మీ వరస చేసిందమ్మా. ఆరుగురు ఒకే లయలో వేస్తే గానీ దానికి అర్థం కాలేదు.”

ఎన్ని తరాల ఆడవాళ్లు వంగి వంగి కనిపెట్టిన లయో అది. ఏ పుస్తకంలోనూ లేదు. పాటలోంచి కాలిలోకి, కాలిలోంచి ఎముక సందులోకి దిగి, అక్కడ చాప అల్లింది. నేను సంఘం మీటింగుల్లో శ్రమ గొప్పది అని వెయ్యిసార్లు అరిచాను. ఆ రోజే మొదటిసారి దాని ముఖం చూశాను.

ఇప్పుడు మీ రెండో అబద్ధం.

పదకొండో రోజు నుంచి ఆమె కుడిపిక్కలో నొప్పి. సాయవ్వ తర్వాత చెప్పింది, తనకు అనుమానం వచ్చిందట. పొద్దున ఎనిమిదికి ఒకసారి నర్సు వచ్చి ఎలా ఉన్నారమ్మా అనేది. బాగున్న అనేది గంగామణి. ఎందుకన్నది? మునుంలో ఒక కట్టు ఉంది. వంగిన మనిషి, వరస గట్టు చేరేదాకా నడుమెత్తకూడదు. ఒకరు లేస్తే లయ తెగుతుంది, వరస వంకరపోతుంది. జలగ పట్టినా, కడుపునొప్పి వచ్చినా, గట్టు చేరాకే చెప్పాలి. నెలలు నిండిన మనిషి నొప్పులు మొదలయ్యాక గట్టు దాకా నాటు వేసి, అప్పుడు కూర్చుందని మా దగ్గర గొప్పగా చెప్పుకుంటాం. సిగ్గుపడాల్సిన కథను గొప్పగా చెప్పుకుంటాం. ఐదుగురు పనులు మానుకుని తన కోసం వచ్చారు, ఇరవై రోజులే గట్టు అనుకుంది ఆమె. గట్టు చేరాక చెప్పొచ్చులే అనుకుంది.

పదమూడో రోజు మడి సగంలో ఉండగా ఊపిరి అందలేదు. లేవలేదు. మిగతా సగం మడి అలాగే వేసింది, ఒక్క కుదురు తప్పకుండా. గట్టు చేరి, నడుమెత్తి, కూర్చుంది. అప్పుడు చూశాం పెదవులు నీలంగా ఉండటం. పిక్కలోని గడ్డ తెగి ఊపిరితిత్తిలోకి పోయింది.

పన్నెండు రోజులు యంత్రం మీద ఉంది. గది బయట మా అన్న నేల మీద కూర్చుని ఉండేవాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. అనురూప ఆ పన్నెండు రోజులూ అక్కడే ఉంది. గడ్డ కరిగే మందు ఎక్కుతుంటే మానిటరు వంక చూస్తూ, అడగాల్సిన తీరులో నేను అడగలేదని గొణుక్కునేది.

గంగామణి బతికింది. ఆమె మంచంలో ఉన్న రోజుల్లోనే మోకాలు గట్టిపడింది. అల్లిక అల్లికలాగే ఉంది.

మీరేం చేశారు? అనురూపను పనిలోంచి పంపేశారు. ఆ అల్లిక బొమ్మను నిలువెత్తు చేయించి మీ ముందు హాలులో తగిలించారు. ఆటగాళ్లకు ఇక మోకాలి బెంగ లేదని పత్రికల వాళ్లకు చూపించారు. ఎవరి మోకాలు అని ఒక విలేకరి అడిగితే, రోగి వివరాలు గోప్యం అన్నారు. నింద వెయ్యడానికి లేని గోప్యం పేరు పెట్టడానికి వచ్చింది. ఇంకొకటి కూడా చేశారు. జులైలో గంగామణి బురదలో పడ్డాక, సెప్టెంబరులో ఆ చాప కళ్లారా చూశాక కూడా, అదే ఫారంతో, అదే నలభై రోజుల నేల నడకతో, మా రెండు మండలాల నుంచి అరవై నాలుగు మంది ఆడవాళ్లకు మోకాళ్లు పెట్టారు. అరవై నాలుగు ఫారాలూ చూశాను. అన్నిటిలో ఆ గడిలో 'లేదు' అనే ఉంది. అందరికీ నవ్వొచ్చే ఉంటుంది.

జనవరిలో యాసంగి నాట్లు పడ్డాయి. మా వదిన కొసన దిగింది. ఊరు ఊరంతా గట్టు మీదే. ఆమె కాలు బురదలోంచి వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు వచ్చింది, వెనక ఆనింది, నిలబడింది. ఒక్క తొట్రుపాటు లేదు. అరిగిపోని మోకాలు, ముప్పై ఏళ్ల మోకాలు. ఒక మడి పూర్తిచేసి గట్టెక్కింది. అంతే. ఊపిరి రొప్పుతూ గంటసేపు కూర్చుండిపోయింది. గడ్డ తిన్న ఊపిరితిత్తికి రెండో మడి వేసే సత్తువ లేదు. ఇప్పుడు రోజూ మొదటి మడి ఆమెది. ఆ తర్వాత కొస సాయవ్వది. మోకాలికి దక్కింది మనిషికి దక్కలేదు.

ఇది మార్చి. అరవై నాలుగు మందిలో మొదటామె మోకాలిని మళ్లీ మెత్తబరిచే గడువు నవంబరుతో తీరుతుంది. యాసంగికి వాళ్లను మడిలోకి దిగకుండా ఆపాను, ఇక ఆగరు. జులైలో కాలువ వదులుతారు, అందరూ మళ్లీ మడిలోకి దిగుతారు, దిగినవాళ్లు పడతారు. ఇక మీతో వాదన లేదు, చెప్పింది చెయ్యండి. వచ్చే సోమవారమే అనురూపను తిరిగి పిలవండి, మందు ఆమె చేతికివ్వండి. షెడ్డు కాదు, మీ ముందున్న పచ్చిక తవ్వి మళ్లు కట్టండి. ఆడవాళ్లను ఒక్కొక్కరిని పిలవొద్దు, మునుం మునుంగా పిలవండి. ఎలా ఉన్నారమ్మా అని అడిగి పోవద్దు. పూటపూటకూ టేపు పెట్టి ప్రతి పిక్కా కొలవండి, ఒక వేలెడు వాచినా వరస మొత్తాన్ని ఆపండి. గట్టు దాకా ఆగొద్దని మా వాళ్లకు చెప్పే పని నేను మొదలుపెట్టాను. ఊరూరా తిరిగి చెప్తున్నాను, తిట్లు తింటున్నాను. మీ వంతు మీరు మొదలుపెట్టండి. మొదటి మునుం సాయవ్వ పక్కింటి బాలనర్సవ్వది, తొమ్మిది మంది. బట్టలు సర్దుకుని ఉన్నారు. తేదీ చెప్పండి.